మొసలి నోట్లో పెన్సిలు

మా అక్క కూతురు ఈ జూన్‌లో ఒకటో తరగతిలోకి వచ్చింది. బడి తెరవడానికి వారం ముందు ఫోన్ చేసి "మావయ్యా, నాకు మొసలి పౌచ్ కావాలి" అంది. ఇలాంటి పనులు మనకి రెండు నిమిషాలు. ఫోన్‌లో వెతికి, నచ్చినదాని మీద నొక్కితే మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. వెతికాను. యూనికార్న్‌లు, పాండాలు బోలెడున్నాయి. ఎట్టకేలకు ఒక మొసలి కూడా దొరికింది. దాని ఫోటో పంపిస్తే క్షణాల్లో తిప్పికొట్టింది. "ఇది మొసలి బొమ్మ ఉన్న పౌచ్ మావయ్యా. నాక్కావల్సింది మొసలి. జిప్పు తీస్తే నోరు తెరవాలి. పెన్సిలు పెడితే మింగెయ్యాలి."

ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత స్పష్టంగా రిక్వైర్‌మెంట్ చెప్పిన క్లయింట్‌ని నేను చూడలేదు :)

తప్పు నాదే లెండి. వేసవి సెలవుల్లో జూపార్కుకి తీసుకెళ్ళింది నేనే. అక్కడ ఒక మొసలి గట్టు మీద నోరు బార్లా తెరుచుకుని కదలకుండా పడుంది. ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి అలా చేస్తుందని నా పరిజ్ఞానం ప్రదర్శించాను. ఆవిడగారు ఒప్పుకోలేదు. "కాదు, ఎవరైనా ఏమైనా పెడతారేమోనని చూస్తోంది" అని తేల్చేసింది.

సరే, ఇంట్లో అమ్మ ఉండగా భయమేంటి అనుకున్నాను. మా అమ్మ పాతికేళ్ళు మా ఊళ్ళో జాకెట్లు కుట్టింది. రెండేళ్ళ క్రితం హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేసేటప్పుడు "ఆ ఇనుప సామానెందుకు, పాతసామాన్లవాడికి ఇచ్చెయ్" అని నేనెంత చెప్పినా వినలేదు. కాలితో తొక్కే స్టాండు వదిలేసి, మిషను తల మాత్రం పాత చీరలో చుట్టి, బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చుకుంది. ఇక్కడ దానికో మోటారు పెట్టించాం.

మొసలి సంగతి చెప్తే అమ్మ "ఇప్పుడెందుకురా, కొనిచ్చెయ్" అంది. ఆశ్చర్యపోయాను. ఎవరేం కుట్టమన్నా కాదనని మనిషి. బతిమాలితే "సరే, నువ్వు కుట్టు. నేను పక్కన కూర్చుని చెప్తా" అంది. ఇనుప సామాను అన్నందుకు నాకు బుద్ధి చెప్తోందనుకున్నాను.

శనివారం పొద్దున సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్ళి ముదురాకుపచ్చ గుడ్డ అర మీటరు, 3 నంబరు జిప్పులు రెండు, తెల్ల జిగ్‌జాగ్ లేసు ఒక మూర తెచ్చాను. లేసు అమ్మ ఆలోచన. మొసలి పళ్ళ కోసం చిన్న చిన్న త్రికోణాలు కత్తిరించి ఒక్కోటీ అతికించాలని నేను కాగితం మీద డిజైన్ గీస్తుంటే, "జిప్పు పక్కన లేసు వేస్తే పోలా?" అంది. నా డిజైన్ అక్కడికక్కడే చెత్తబుట్టలోకి పోయింది. అన్నట్టు, ఇంట్లో చేసుకుంటే చవక అనుకునేవాళ్ళకో మనవి. సరుకు ఖర్చు తక్కువే, కానీ రానూపోనూ ఆటోకైన డబ్బుతో ఒక పౌచ్ కొనెయ్యొచ్చు.

మిషను ముందు కూర్చున్నాక తెలిసింది, నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఇంత చక్కటి యంత్రాన్ని ఎవరూ నాకు విప్పి చూపించలేదని. పై దారం సూదితో పాటు గుడ్డలోంచి కిందికి దిగుతుంది. సూది పైకి లేవడం మొదలెట్టగానే అక్కడ దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. కింద ఉన్న కొక్కెం ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ గుడ్డ మధ్యలో ముడిపడతాయి. చెవి మొన దగ్గర ఉండే సూదితో రెండు దారాల కుట్టు వేసే మిషనుకి 1846లోనే అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ అసలు సూత్రం అదే. నూట ఎనభై ఏళ్ళు నిలబడిన డిజైన్ మన ఫీల్డులో ఒకటి చూపించండి!

అమ్మ మాత్రం ఇదంతా ఒక్క ముక్కలో చెప్పింది. "పై దారం కిందికెళ్ళి కింద దాన్ని పిలుచుకొస్తుంది. బిగువు సరిగా లేకపోతే రెండూ పోట్లాడుకుని అడుగున ఉండ కడతాయి." నా మొదటి పది నిమిషాలూ ఆ ఉండలు విప్పడానికే సరిపోయాయి.

పౌచ్ కుట్టడంలో గమ్మత్తేంటంటే అంతా తిరగేసి ఆలోచించాలి. పైకి కనబడాల్సిన వైపులు ఎదురెదురుగా పెట్టి, వెనక నుంచి కుట్టి, చివర్లో జిప్పు లోంచి మొత్తం బయటికి తిప్పాలి. ముందు కళ్ళు కుట్టెయ్యాలి, తర్వాత లేసు, తర్వాత పై గుడ్డకీ లోపలి గుడ్డకీ మధ్యలో జిప్పు, ఆఖర్న చుట్టూతా కుట్టు. కళ్ళకి రెండు నల్ల చొక్కా గుండీలు పెట్టాను. పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారని అమ్మ ఒక్కోదానికీ ఎనిమిది సార్లు దారం తిప్పించింది.

చుట్టూ కుట్టేశాను. గర్వంగా చేతిలోకి తీసుకుని బయటికి తిప్పబోతే... జిప్పు మూసి ఉంది. తీద్దామంటే రన్నరు లోపలి వైపు ఇరుక్కుంది. తాళం లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది నా పని. అమ్మ వేళ్ళతో తడిమి చూసి "జిప్పు సగం తీసి ఉంచి కుట్టాలిరా. చెప్పడం మర్చిపోయా. విప్పేయ్" అంది, కూరలో ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా.

రాత్రి పదింటికి బ్లేడు పెట్టి ఒక్కో కుట్టూ కోస్తూ కూర్చున్నాం. అప్పుడెందుకో, ఇరవై ఏళ్ళుగా చెప్పనిది నోట్లోంచి వచ్చేసింది.

మూడో తరగతిలో అమ్మ నాకూ ఒక పౌచ్ కుట్టింది. బూడిదరంగు ఏనుగు, తొండం కూడా ఉండేది. అప్పట్లో క్లాసులో సగం మందికి బటన్ నొక్కితే షార్పనర్ బయటికొచ్చే మాగ్నెట్ బాక్సులుండేవి. నా ఏనుగుని చూసి ఒకడు "ఇది లంగా గుడ్డరా" అన్నాడు. నిజంగానే లంగా గుడ్డ. ఆ రోజంతా ఎవరు ఎదురైనా అదే మాట. సాయంత్రం ఇంటికొస్తూ దాన్ని కాలవలో పడేసి, బళ్ళో ఎవరో తీసేశారని చెప్పాను. మర్నాడే నాకు మాగ్నెట్ బాక్సు వచ్చింది. దానికోసం అమ్మ ఎన్ని జాకెట్లకి హెమ్మింగ్ చేసిందో నేను అడగలేదు.

ఇదంతా చెప్పి తల దించుకుని కూర్చున్నా. తిడుతుందనో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనో అనుకున్నా. అమ్మ కాసేపాగి "జిప్పు కూడా పడేశావా? మీ నాన్న పాత బ్యాగులోంచి ఊడదీసిన ఇత్తడి జిప్పురా అది. అలాంటివి ఇప్పుడు దొరకట్లేదు" అంది. అంతే.

అలా చూస్తే నేను పడేసింది ఒక్క ఏనుగుని మాత్రమే కాదు. ఇంజనీరింగు అప్లికేషన్‌లో తల్లి వృత్తి అన్న చోట నా చేత్తో నేనే 'గృహిణి' అని రాశాను. ఆ ఏడాది నా హాస్టలు ఫీజు కట్టింది ఆ గృహిణే. పెళ్ళిళ్ళ సీజన్‌లో తెల్లవారుజాము దాకా మిషను చప్పుడవుతుంటే నేను తలగడ చెవులకి అడ్డం పెట్టుకుని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు మన ఆఫీసుల్లో ఎవరైనా వారాంతంలో కుట్లూ అల్లికలూ నేర్చుకుంటే 'క్రియేటివ్' అంటాం, ఫోటోలకి చప్పట్లు కొడతాం. అదే పని ఫీజుల కోసం చేసిన మన అమ్మల్ని మాత్రం 'ఇంట్లోనే ఉంటుందండీ' అని పరిచయం చేస్తాం. నేనైతే నిన్నమొన్నటి దాకా అలాగే చేశాను.

ఆదివారం మా క్లయింట్ గారు కొత్త పెన్సిళ్ళ పెట్టె పట్టుకుని దిగింది. మొసలిని చూసి ఎగిరి గంతేసింది. పెన్సిలు పెట్టింది. మొసలి మింగలేదు. జిప్పు మూస్తే ఒకటిన్నర అంగుళం పెన్సిలు బయటే ఉంది. ఏమైందంటే, నేను కొలత తీసుకున్నది మా ఇంట్లో అది వదిలేసిపోయిన, చెక్కీ చెక్కీ అయిదంగుళాలకొచ్చిన పెన్సిలుతో. కొత్త పెన్సిలు ఏడంగుళాలుంటుంది. టెస్ట్ డేటా సరిగ్గా లేకపోతే ఏమవుతుందో ఇంకా విడమరచి చెప్పాలా?

మళ్ళీ మొదలు. ఈసారి తొమ్మిదంగుళాలు కత్తిరించాను, రెండు వైపులా కుట్టుకి అరంగుళం చొప్పున పోయినా ఎనిమిది మిగులుతుంది. దారం అయిపోయింది. "అమ్మా, ఆకుపచ్చ రీలు" అన్నాను. అమ్మ డబ్బాలోంచి తీసి ఇచ్చింది.

"అమ్మమ్మా, ఇది బ్లూ!" అంది పిల్ల నవ్వుతూ.

అమ్మ కూడా నవ్వి "లైటు సరిగా లేదే" అంది. పట్టపగలు, కిటికీ పక్కన కూర్చుని.

అప్పుడు వెలిగింది నాకు. నిన్నటి నుంచీ సూదిలో దారం నాతోనే ఎక్కించింది. సుద్దగీతలు నాతోనే గీయించింది. కుట్టు ఎలా వచ్చిందో వేళ్ళతో తడిమి చెప్తుంటే అనుభవమంటే ఇదీ అని మురిసిపోయాను. "ఎప్పట్నుంచమ్మా?" అనడిగితే, "సంక్రాంతి ముందు నుంచీ మసగ్గా ఉందిరా. వయసొచ్చాక మామూలేగా" అంది. మరి చెప్పలేదేం అంటే, "నువ్వెప్పుడు చూసినా మీటింగులో ఉంటావు."

అయిదు నెలలు. నేను ఇంటి నుంచే పని చేస్తాను. పక్క గదిలో మిషను చప్పుడు ఆగిపోయి అయిదు నెలలైతే, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాకు తెలియనే లేదు. సర్వర్ అయిదు నిమిషాలు పలక్కపోతే అర్ధరాత్రి అలారం మోగేలా పెట్టుకునే మనిషిని!

మర్నాడే కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళకీ శుక్లాలు. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చెయ్యాలన్నారు. కుడి కన్ను క్రితం నెల అయింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేశాం.

ఇక మొసలి సంగతి. బళ్ళో ఒక పాప చూసి నవ్విందట, "షాపులో కొనలేదా?" అని. వినగానే నా గుండె గుభేలుమంది. "మరి నువ్వేం చేశావురా?" అనడిగాను.

"దాని నోట్లో వేలు పెట్టమన్నా. పెట్టింది. జిప్పు మూసేశా."

పాఠం ఏదో ఒకటి నేర్పాలి కాబట్టి తప్పు అని చెప్పాను. లోపల మాత్రం మూడో తరగతి కుర్రాడొకడు ఈల వేశాడు.

పోయిన ఆదివారం అక్కావాళ్ళు వచ్చారు. పిల్ల బ్యాగులోంచి మొసలి తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎడమ కన్ను చేత్తో మూసుకుని, కొత్త కంటితో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. పళ్ళు చూసింది, గుండీలు చూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నాను.

"ఏంట్రా ఈ కుట్లు, ఎద్దు నడిచినట్టున్నాయి? ఇలాగే పంపించావా బడికి? బ్లేడు తీసుకురా, విప్పేద్దాం."

పిల్ల మొసలిని లాక్కుని మంచం కిందికి దూరింది. ఇంతవరకూ మాకు మళ్ళీ ఇవ్వలేదు.