మార్కులు – మిత్రులు – మాతృభాష

విద్యార్థి దశ నిశ్చింతమైన కాలమని పెద్దలు చెప్పుచుందురు. అది దూరమునుండి చూచినవారి మాట. పరీక్షలు దగ్గరపడిన దినములలో పదవ తరగతి పిల్లవాని ముఖమును తేఱిపాఱ చూచినవారు అంత సులభముగా ఆ మాట అనజాలరు. పాఠముల బరువు అన్ని బడులలోను కలదు. తోడివారి మెప్పుకై పడు తపన అందఱు పిల్లలకును కలదు. కాని కోడంబాక్కము పరిసరములందు తెలుగు చదువుకొను మన పిల్లలకు ఈ రెండింటితో పాటు మూడవది యొకటి కలదు. అది తమ భాషనుగూర్చిన బెరుకు. దానినిగూర్చియే ముఖ్యముగా ముచ్చటింపదలచితిమి.

మేము ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము. అచ్చట బోధనా పద్ధతులన్నియు నేర్చితిమి. కాని ఇంటిలో ఒక భాష, వీథిలో మఱియొక భాష ఎదురగు పిల్లవాని మనస్సు ఎట్లుండునో ఆ శిక్షణలో లేదు. దానిని మాకు ఈ నగరపు పిల్లలే నేర్పిరి.

ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలో పెక్కింటిని ఇచ్చటికి రప్పించినది చలనచిత్ర పరిశ్రమ. వడపళనిలోని వాహినీ స్టూడియో, సాలిగ్రామములోని భరణీ స్టూడియో తెలుగు మాటతో మాఱుమ్రోగిన దినములవి. తరువాత తెలుగు పరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలిపోయెను; అనేక కుటుంబములు మాత్రము ఇచ్చటనే నిలిచినవి. తాతకు అన్నము పెట్టిన భాషను మనుమడు బస్సులో బిగ్గరగా పలుకుటకు సిగ్గుపడుచున్నాడు.

ఎనిమిదవ తరగతి బాలుడొకడు, తల్లి క్యారియరు తెచ్చి గేటు కడనుండి "నాయనా!" అని పిలువగా, వినబడనట్లు నడచిపోవుట చూచితిమి. మఱునాడు ఏకాంతమున అడుగగా, "మా వీథిలోవాళ్లు 'గొల్టీ' అని వెక్కిరిస్తారు మాస్టారూ" అనెను. 'తెలుగు' అను మాటనే తలక్రిందులు చేసి పుట్టించిన వెక్కిరింత యది అందురు. మేము వానిని దండింపలేదు. తెలుగు పొడుపుకథ నొకదానిని వారికి విప్పి చెప్పి, బదులుగా తమిళపు పొడుపుకథ నొకటి అడిగి తెచ్చుకొమ్మంటిమి. వెక్కిరింత పూర్తిగా ఆగలేదు. కాని వారములోపల వారిలో ఇద్దఱు తమ పేర్లను తెలుగు అక్షరములలో వ్రాయించుకొనిరి.

ఇది చిన్న సంగతియని తల్లిదండ్రులు కొట్టివేయరాదు. భాషను దాచుకొన్న పిల్లవాడు క్రమముగా బాధనుకూడ దాచుకొనును. అమ్మతో మాటాడు భాషయే చిన్నతనమని తోచినవానికి, ఇంటిలో నోరు విప్పి చెప్పుకొనుటకు మిగిలిన భాష ఏది? అప్పుడు మార్కులు తగ్గిన వార్తయు, మిత్రులు పొగాకు పొట్లము చేత పెట్టిన వార్తయు ఇంటికి రావు.

ఇక చదువు సంగతి. 2006 నాటి తమిళనాడు చట్టము ననుసరించి తమిళము ఒకటవ తరగతినుండి మొదలై ఏటేట పై తరగతులకు తప్పనిసరి పాఠ్యాంశమాయెను. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు పదవ తరగతి తమిళ పరీక్షనుండి న్యాయస్థానముల ద్వారా మినహాయింపులు పొందిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని ఒక సంవత్సరము పొడిగించెను. ఈ వాదములు పెద్దలవి, "ఈ ఏడు వ్రాయవలెనా, అక్కఱలేదా?" అను కలత మాత్రము పిల్లలదాయెను. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు అక్షరములు నేర్చినవాడు, తమిళమున వాటికన్నిటికి ఒక్కటే అక్షరమును చూచి తడబడును. ఆ తడబాటు మందబుద్ధి కాదు. రెండు లిపులు మోయుచున్నవానికి అది సహజము.

ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారిని తలచుకొనుడు. తమిళ పాటకై వెళ్లిన తొలి దినములలో, భాషను బాగుచేసికొని రమ్మని సంగీత దర్శకులు ఎం. ఎస్. విశ్వనాథన్ తమతో చెప్పినట్లు వారే పలుమాఱులు చెప్పిరి. వారు చిన్నబుచ్చుకొని తిరిగిపోలేదు, తెలుగువాడనని దాచుకొననులేదు. తమిళమును శ్రద్ధగా నేర్చిరి. 1969లో వారి తమిళ పాటలు వెలువడినవి. తరువాత జాతీయ పురస్కారములు తెలుగు, హిందీ, కన్నడ, తమిళము అను నాలుగు భాషల పాటలకు లభించినవి. "నీకింకను రాదు" అను మాటను వారు "నేర్చుకొని రమ్ము" అని విన్నారు.

విద్యార్థులారా! మిత్రుడు ఒక పనికి పిలిచినపుడు, అది అమ్మతో చెప్పదగినదేనా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. చెప్పదగనిదైన "నాకు వద్దు" అని ఒక్క మాట చాలును. కారణములు చెప్ప నక్కఱలేదు. రాత్రి తెల్లవార్లు మేలుకొని చదువుటకంటె, ప్రతిదినము ఒక గంట తమిళమునకు, ఒక గంట గణితమునకు నియమముగా కేటాయించుట మేలు. పరీక్ష తప్పినచో కొలది కాలములోనే మఱల వ్రాయు అవకాశము కలదు. మనస్సు మఱీ భారమైనచో ఉపాధ్యాయునితో చెప్పుడు. అదియు సాధ్యము కానిచో, కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేయుడు. రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోను మాటాడవచ్చును.

తల్లిదండ్రులారా! పబ్లిక్ పరీక్షలలో రాష్ట్రస్థాయి ర్యాంకులు ప్రకటించుటను తమిళనాడు ప్రభుత్వము 2017లో మానివేసినది. ప్రభుత్వము మానిన పోలికను ప్రక్కింటి పిల్లవానితో మనము ఇంటిలో కొనసాగింపవచ్చునా? ఈ రాత్రి భోజనమువేళ "ఎన్ని మార్కులు?" అను ప్రశ్నను కొంచెము ప్రక్కన పెట్టి, "ఈ దినము బడిలో ఏమి జరిగినది, నాన్నా?" అని మన తెలుగులో అడుగుడు. అడిగి, పిల్లవాడు చెప్పుట ముగియువఱకు ఓపికతో వినుడు.