దర్వాజ దగ్గర చౌకీదార్

మా మొహల్లా పిల్లల చదువుల కోసం కొందరం కలిసి ఒక చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాం. ఫీజు కట్టలేని వాళ్లు తమ హాల్ రాసి పంపడానికి అందులో ఒక ఫారం ఉంది. పేరు, ఫోన్ నంబరు, చెప్పాల్సిన మాట, అంతే. కూతురి ఇంటర్ పరీక్ష ఫీజుకి రెండు రోజులే గడువుందని ఒక అమ్మీ రాసిన నాలుగు ముక్కలు లోన్లు, లాటరీలు, మందుల ప్రకటనల కింద దొరికాయి. అల్‌హందులిల్లా, టైముకి ఫీజు కట్టేశాం. కానీ ఇంకో రెండు రోజులు ఆ మాట అడుగునే ఉండిపోయుంటే?

ఆ చెత్త రాసేవి ఎక్కువగా బాట్లు. నెట్టంతా ఫారాలు వెతుక్కుంటూ తిరిగి, కనిపించిన ప్రతి గడీ నింపి పంపేస్తాయి. దీనికి అందరూ చెప్పే ఇలాజ్ క్యాప్చా. లూయీ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్, వాళ్ల సాథీలు 2003లో దాని మీద పేపర్ రాశారు. మనిషా, మెషీనా అని తేల్చే ఇంతిహాన్ అది. వంకర అక్షరాలు చదవాలి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఏరాలి. చూపు ఆనని నానీ ఆ బొమ్మలు ఎట్లా ఏరుతుంది? మదద్ అడగడానికి వచ్చిన మనిషికి ముందే ఇంతిహాన్ పెట్టడం నాకు మనసొప్పలేదు.

అందుకే ఇంతిహాన్ మెషీన్‌కే పెట్టాం. హనీపాట్ అంటారు, తేనెకుండ. ఫారంలో కంటికి కనిపించని గడి ఒకటి ఉంటుంది. మనుషులకు కనిపించదు కాబట్టి ఖాళీగానే ఉంటుంది, బాట్ మాత్రం నింపేస్తుంది. చూపు లేని వాళ్ల ఫోన్ ఆ గడిని చదివి వినిపించకుండా కూడా జాగ్రత్త పడ్డాం. తెరిచిన 3 సెకన్లలోపే ఫారం నిండి వచ్చినా, మాటలో రెండు లింకుల కంటే ఎక్కువ ఉన్నా షక్ పడాల్సిందే. ఈ జాంచ్ అంతా సర్వర్‌లో జరగాలి. పేజీలోనే పెడితే బాట్లు దాన్ని దాటేసి నేరుగా పంపగలవు.

మాతో పనిచేసే ఒక తమ్ముడు, "ఇంగ్లిష్ కాని అక్షరాలుంటే ఆపేద్దాం భాయ్, సగం పీడ పోతుంది" అన్నాడు. వద్దన్నాను. ఆ అమ్మీ రాసింది తెలుగు అక్షరాల్లో, సగం ఉర్దూ మాటల్లో. బడిలో, ఆఫీసులో "ఇదేం తెలుగు?" అనిపించుకున్న జుబాన్ మనది. మన ఫారం కూడా అదే సవాల్ అడగాలా?

షక్ వచ్చిన వాటిని కూడా చెరిపేయడం లేదు. వేరే ఫోల్డర్‌లో పడతాయి, రోజూ రాత్రి మాలో ఒకరు చూస్తారు. బాట్ ఒకటి లోపలికొస్తే మాకు పోయేది ఒక నిమిషం. మనిషి బయటే ఆగిపోతే ఒక పిల్ల చదువులో ఏడాది పోతుంది.

ఫారం కింద ఒక ఫోన్ నంబరు కూడా పెట్టాం. రాయడం రాని వాళ్లు దానికి ఫోన్ చేస్తున్నారు.