రోడ్డు కోనులో పూలు

క్రైస్ట్‌చర్చ్‌లో మద్రాస్ స్ట్రీట్ అనే వీధి ఉంది. ఆంగ్లికన్ బిషప్ పీఠాలున్న ఊళ్ల పేర్లు ఇక్కడి పాత వీధులకు పెట్టారు, అలా వచ్చింది ఆ పేరు. న్యూజిలాండ్‌కు వచ్చిన కొత్తలో ఆ బోర్డు చూసి ఆగాను. మూల మీద తెల్ల రంగు వేసిన కుర్చీలు వరసలుగా ఉన్నాయి. వంటింటి కుర్చీ, పడక కుర్చీ, చక్రాల కుర్చీ, పసిబిడ్డను కారులో కూర్చోబెట్టే బుల్లి సీటు... ఏ రెండూ ఒకలా లేవు. మొత్తం 185. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12.51కి వచ్చిన భూకంపంలో పోయినవాళ్లు అంతమంది. వారిలో 115 మంది ఆ పక్కనే కూలిన సీటీవీ భవనంలో ఉన్నవాళ్లు. ఏడాది తిరిగేసరికి పీటర్ మజెండీ అనే కళాకారుడు ఈ కుర్చీలను పేర్చాడు. అక్కడ ఎవరూ ఏమీ వివరించి చెప్పలేదు. బుల్లి సీటు దగ్గర నా కాళ్లు కదల్లేదు.

మేం వచ్చింది 2013లో, మా ఆయన పునర్నిర్మాణం పనుల్లో చేరడంతో. ఊరి నడిబొడ్డు చుట్టూ కట్టిన కంచెను రెండేళ్లకు పైగా ఉంచి, అప్పుడే తీశారు. ఎటు చూసినా కంకర పరిచిన ఖాళీ జాగాలే. పగలంతా ఇంట్లో నేనూ మా పాపా. తెలుగు మాట కోసం నాలుక తహతహలాడేది.

ఒక సాయంత్రం అలాంటి ఖాళీ జాగాలో చెక్క నేల, నాలుగు మూలలా స్పీకర్లు, ఒక పాత వాషింగ్ మెషీన్ కనిపించాయి. డాన్స్ ఓ మ్యాట్ అంటారట. రెండు డాలర్ల నాణెం వేసి, ఫోను తగిలిస్తే అరగంట పాట మోగేది. 2010 సెప్టెంబరు భూకంపం తర్వాత పుట్టిన గ్యాప్ ఫిల్లర్ అనే బృందం పని అది. నాణెం వేసి బతుకమ్మ పాట పెట్టాను. పాప చేయి పట్టుకుని చప్పట్లు కొడుతూ ఒక చుట్టు తిరిగాను. బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడ సంచి కింద పెట్టి వచ్చి మా వెనక అడుగు కలిపింది. పాట ఆగాక చెయ్యి చాచి, "అదిగో, అక్కడ మా అక్క పనిచేసిన దుకాణం ఉండేది" అని చూపించింది. తన ఇల్లు రెడ్ జోన్‌లో పోయిందని, ఇరుగుపొరుగు తలో దిక్కుకు వెళ్లారని చెప్పింది. భూకంపానికి నేల బాగా దెబ్బతిన్న ఆ జోన్‌లో దాదాపు 8,000 ఇళ్లు ఖాళీ చేయించారు. ఈ దేశంలో నాతో మనసు విప్పి మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

ముందు రోడ్లు, పైపులు, ఆ తర్వాతే పాటలు అనేవాళ్లు ఇక్కడా ఉన్నారు, మనలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. పైపు వేస్తే ఇంటికి నీళ్లొస్తాయి. చెదిరిపోయిన ఇరుగుపొరుగు మళ్లీ ఎదురుపడాలంటే నిలబడడానికి ఒక జాగా, అక్కడికి రావడానికి ఒక సాకు కావాలి. ఆ చెక్క నేల ఇచ్చింది అదే.

తర్వాతి ఫిబ్రవరి 22న ఏవన్ నది ఒడ్డుకు వెళ్లాను. జనం ఒక్కొక్కరుగా వంగి నీళ్లలో పూలు వదులుతున్నారు. దారి పొడవునా, మరమ్మతుల కోసం పెట్టిన నారింజ రంగు రోడ్డు కోనుల కొనల్లోనూ ఎవరో పూలు గుచ్చి వెళ్లారు. కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం, శిఖరాన పూలు. మా జగిత్యాల చెరువు గట్టు మీద, తాంబాలంలో బతుకమ్మను తలకెత్తుకున్న అమ్మ కళ్ల ముందు నిలిచింది. మన ఆడవాళ్లు కష్టాన్ని గొంతెత్తి పాడుకుని, పూలను నీళ్లకు అప్పగించి ఇంటికొచ్చేవాళ్లు. ఇక్కడివాళ్లకు ఆ పద్ధతి ఎవరూ నేర్పలేదు. దుఃఖమే నేర్పింది.

2019 మార్చి 15న ఇదే ఊళ్లో మసీదుల మీద కాల్పులు జరిగి 51 మంది పోయారు. వారిలో మన హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. బొటానిక్ గార్డెన్స్ గోడ పొడవునా పూలు గుట్టలు పడ్డాయి. బడిపిల్లలు వచ్చి మావోరీల హాకా నృత్యం చేశారు, కొందరు ఏడుస్తూనే. ఎవరి మతం ఏదని ఆ పూట ఎవరూ అడగలేదు.

ఇక్కడ బతుకమ్మ వసంతంలో వస్తుంది. తంగేడు, గునుగు దొరకవు, పెరట్లో పూసినవే పేరుస్తాం. చాలా ఏళ్లు అద్దె హాల్లో, తలుపులు మూసుకుని, మనలో మనమే ఆడుకున్నాం. విదేశాల్లో ఉన్న అక్కలూ, చెల్లెళ్లూ, ఈసారి పార్కులో ఆడండి. పక్కింటావిడను పిలవండి. ఆమె ఇంట్లో ఎవరు పోయారో మీకు తెలియకపోవచ్చు. చేతిలో ఒక పువ్వు పెట్టి, వరసలో చోటివ్వండి.