భీవండి నుంచి పరేల్ దాకా.. ఒక మందు కోసం

ముంబయి వానని రీల్స్‌లో చూసి మురిసిపోయేవాణ్ని. మెరైన్ డ్రైవ్, అలలు, చేతిలో వడాపావ్. పోయిన జులైలో ఆ వాన అసలు రూపం చూశాను. కుర్లా దాటగానే మా లోకల్ ఆగిపోయింది. పట్టాల మీద నీళ్లు. పక్కన మామయ్య, ఆయన చంకలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన రిపోర్టులు. తొమ్మిదిన్నరకు పరేల్‌లో ఉండాలి. అప్పటికే తొమ్మిది దాటింది.

"దిగు బిడ్డా, నడుస్తం పా" అన్నాడు మామయ్య.

ఆయనది సిరిసిల్ల. వయసులో ఉన్నప్పుడు పన్నెండేళ్లు భీవండిలో పవర్‌లూమ్ నడిపాడు. అందుకే మా బస అక్కడి పద్మనగర్‌లో, చుట్టాలింట్లో. ఆ సందుల్లో మరాఠీ కంటే తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. మగ్గాల చప్పుడైతే రాత్రంతా ఆగదు. నాకు నిద్ర పట్టలేదు. మామయ్య మాత్రం జోలపాట విన్నట్టు పడుకున్నాడు.

రెండేళ్లు కడుపునొప్పి, విరేచనాలు, ఉన్నట్టుండి మొహం ఎర్రబడటం. మా దగ్గర ఒక ఆసుపత్రిలో గ్యాస్ అని మాత్రలిచ్చి పంపారు, ఒకసారి కాదు నాలుగుసార్లు. హైదరాబాద్‌లో బయాప్సీ చేస్తే తేలింది.. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. పేగులో మొదలై కాలేయానికి పాకింది. ఆపరేషన్‌కు కుదరదన్నారు. పరేల్‌లో టాటా మెమోరియల్ అనెక్స్ భవనంలో ఉన్న రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌కు వెళ్లమన్నారు. బార్క్ వాళ్లది, 1963 నుంచి ఉంది.

ఆ రోజు స్కాన్. దానికి వాడేది గాలియం-68. ప్రతి 68 నిమిషాలకు సగం మాయమైపోతుంది. కొని ఫ్రిజ్‌లో దాచుకునే సరుకు కాదు. జెర్మేనియం నింపిన చిన్న జనరేటర్ ఉంటుంది, అందులోంచి అప్పటికప్పుడు గాలియం తీస్తారు. ఈ రంగంలో దాన్ని ముద్దుగా ఆవు అంటారు. మేం పట్టాల వెంట సయన్ దాకా నడిచి, టాక్సీ దొరికి, తడిసి ముద్దయి చేరేసరికి పదకొండున్నర. మా కోసం పిండిన గాలియంలో మిగిలింది పనికిరాదు. నాకు కాళ్లు వణికాయి. అక్కడున్న మేడమ్ గడియారం చూసి, "మధ్యాహ్నానికి మళ్లీ వస్తుంది, టీ తాగి రండి" అంది.

"ఆవే గదా, రెండు పూటలిస్తది" అన్నాడు మామయ్య. ముంబయి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

టీ కోసం బయటికొచ్చాం. పరేల్‌లో ఒకవైపు అద్దాల టవర్లు, వాటి మధ్య పాత మిల్లుల పొగ గొట్టాలు. 1982 సమ్మె తర్వాత ఇక్కడి మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడి, మగ్గాల పని చాలావరకు భీవండి వైపు వెళ్లిపోయింది. మామయ్య ఆ గొట్టాలను పేరుపేరునా గుర్తుపట్టే ప్రయత్నం చేశాడు. ఫుట్‌పాత్ మీద నీలం టార్పాలిన్ల కింద పేషెంట్ల కుటుంబాలు. స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది. బెంగాలీ, భోజ్‌పురి, మధ్యలో ఎక్కడో మన తెలుగు. మేం గదిలో పడుకుని వచ్చినవాళ్లం కదా, అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది.

ఈ వైద్యం పేరు థెరనోస్టిక్స్. మామయ్యకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు భీవండి లారీలే గతి అయ్యాయి. బట్టల బేలు మీద అడ్రస్ రాసి, తాడుతో బిగించి పంపుతారు కదా. ఇక్కడ అడ్రస్ ఒక చిన్న పెప్టైడ్. ఈ గడ్డల కణాల మీద ఎక్కువగా ఉండే గ్రాహకాలను వెతుక్కుని పోయి అతుక్కుంటుంది. తాడు డోటా అనే అణువు, లోహాన్ని పంజరంలో పెట్టినట్టు పట్టుకుంటుంది. సరుకు గాలియం అయితే గడ్డలు ఎక్కడున్నాయో ఫొటో వస్తుంది. అదే అడ్రస్, అదే తాడుతో సరుకు మార్చి లుటీషియం-177 పెడితే వైద్యం.

"తాడు తెగితే?" అన్నాడు వెంటనే. బేళ్లు కట్టిన మనిషి కదా!

అసలు కష్టమంతా అక్కడే. లోహం జారిపోతే ఎముకల్లోకి చేరి మూలుగను దెబ్బతీస్తుంది. అంతేకాదు, సరుకు నిప్పులాంటిది. తనను మోసే అణువునే తన రేడియేషన్‌తో విరగ్గొడుతుంది. అందుకే తొంభై డిగ్రీల పైన అరగంట వేడిచేసి లోహాన్ని బిగిస్తారు. విరిగిపోకుండా ఆస్కార్బిక్ ఆమ్లం లాంటివి కలుపుతారు. అంటే నిమ్మకాయలో ఉండే సి విటమిన్! ఎంత లోహం వదులుగా మిగిలిందో పరీక్షించాకే సూది దాకా వస్తుంది. రెండేళ్లు గ్యాస్ మాత్రలు మింగిన మనిషికి ఇంత లెక్కగా మందు చేస్తున్నారంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

లుటీషియం పుట్టేది ఇదే ఊళ్లో, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో. 1985 నుంచి నడుస్తోంది. లుటీషియం సగం కావడానికి 6.65 రోజులు పడుతుంది కాబట్టి గాలియంలా పరుగు పెట్టించదు. అలాగని ఊరికే కూర్చోబెడితే రోజుకు పదో వంతు పోతుంది. అమెరికా ఈ రకం మందుకు 2018లో అనుమతిచ్చింది. పరేల్‌లో అంతకుముందే ఇస్తున్నారు.

డోసు రోజు సీసపు డబ్బాలో చిన్న సీసా వచ్చింది. కిడ్నీలను కాపాడటానికి ముందే అమైనో ఆమ్లాల సెలైన్ ఎక్కించారు. రాత్రి మామయ్య ఒక్కడే గదిలో. అక్కడి టాయిలెట్ నీళ్లు కూడా నేరుగా డ్రైనేజీలోకి పోవు, రేడియేషన్ తగ్గేదాకా ట్యాంకులో ఆపుతారు. వీడియో కాల్‌లో "గింతేనా, చీమ గుట్టినట్టు గూడ లేదు" అన్నాడు.

లుటీషియం వదిలే బీటా కణాలు ఒంట్లో రెండు మిల్లీమీటర్లు దాటవు. అవి గడ్డను కాలుస్తాయి. దాంతోపాటు కొంచెం గామా కూడా వస్తుంది, అది బయటికొచ్చి కెమెరాకు చిక్కుతుంది. మర్నాడు ఆ ఫొటో చూపించారు. గాలియం స్కాన్‌లో మెరిసిన చోట్లే మళ్లీ మెరుస్తున్నాయి. బేలు అడ్రస్‌కే చేరింది. ఇలాంటివి నాలుగు, ఎనిమిది వారాల తేడాతో. పూర్తిగా పోతుందని ఎవరూ చెప్పలేదు. పెరగకుండా ఆగితే గొప్పే అన్నారు. ఇప్పటికి రెండు అయ్యాయి. విరేచనాలు తగ్గాయి, మామయ్య అన్నం తింటున్నాడు.

కొన్నాళ్లు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండమన్నారు. మామయ్య మనవరాలికి నాలుగేళ్లు. ఆ పిల్ల కోసం దాదర్ స్టేషన్ బయట ప్లాస్టిక్ గిలక్కాయ లాంటిదేదో కొన్నాడు. వయసు దాటిపోయిందని చెప్పినా వినలేదు. ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కూర్చున్నాం. పసిబిడ్డనెత్తుకున్న ఒకావిడ మా పక్క ఖాళీ చూసి వచ్చింది. మామయ్య గబుక్కున లేచాడు. ఏం చెప్పాలో తెలియక, "నువ్వు కూసో తల్లీ" అని తెలుగులోనే అనేసి, సంచి పట్టుకుని ప్లాట్‌ఫామ్ చివరిదాకా నడిచాడు. వాన మళ్లీ మొదలైంది. అక్కడ పైకప్పు లేదు. గొడుగు తీసుకుని నేనూ వెళ్లాను.