గుయ్‌మనే శబ్దం ఎక్కడిది?

ఎలక్ట్రిక్ గిటారు కొనాలనుకునేవాళ్ళు మొదట ఒక సంగతి తెలుసుకోవాలి. అది ఒక్క వస్తువు కాదు. గిటారు, యాంప్లిఫయరు, ఆ రెండింటినీ కలిపే కేబులు, మూడూ కలిస్తేనే ఒక వాయిద్యం. మామూలు గిటారుకు డొల్లగా ఉండే చెక్కపెట్టె ఉంటుంది. తీగ మీటితే ఆ పెట్టె కూడా అదిరి శబ్దాన్ని పెంచుతుంది. ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ భాగం గట్టి చెక్కతో చేసినవే. యాంపుకు తగిలించకుండా వాయిస్తే పక్క గదిలో ఉన్నవాళ్ళకు కూడా సరిగా వినబడదు. కాబట్టి డబ్బంతా గిటారుకే పెట్టేసి, యాంపు సంగతి తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

మాది చెన్నైలో పెరంబూరు. మా తాతయ్య రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యారు. నేను పదో తరగతి చదువుతున్నాను. మామ దగ్గర మామూలు గిటారు నేర్చుకున్నాను. పోయిన ఏడు బడి వార్షికోత్సవంలో ఒకటో తరగతి పిల్లల పాటకు వాయించమని పాట టీచరు అడిగారు. డోలు, కీబోర్డు మధ్యలో మామూలు గిటారు వినబడదు. అమ్మ చీటీ డబ్బులో అక్క కాలేజీ ఫీజు కట్టగా మిగిలిన 9,000 రూపాయలు నా చేతికిచ్చి, "ఇంతేరా, ఇంక అడగొద్దు" అంది.

నాన్నకు ఒక సందేహం వచ్చింది. "ఇది ఇంగ్లీషు పాటలకు కదా, మన పాటలకు పనికొస్తుందా?" అన్నారు. మామ దానికి మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతి చెప్పాడు. ఆయన 1969లో పాలకొల్లులో పుట్టారు. తర్వాత మద్రాసులో స్థిరపడి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. ఆయన వాటి బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. మీటిన శబ్దం వెంటనే ఆరిపోతే గమకం పలకదు. యాంప్లిఫయరు ఉంటే ఆరిపోయే శబ్దం కూడా ఇంకాసేపు వినబడుతుంది. అందుకని ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం చెవికి అందుతుంది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014లో ఇదే చెన్నైలో కన్నుమూశారు. ఇదంతా విన్నాక నాన్న ఇంకేమీ అనలేదు.

పాత గిటారు చూడటానికి వెళ్ళినప్పుడు మామ వెంటనే వాయించలేదు. కంటి దగ్గర పెట్టుకుని, గురి చూసినట్టు మెడ పొడవునా చూశాడు. మెడ కొద్దిగా వంగి ఉంటే లోపలున్న ఇనప కడ్డీని తిప్పి సరిచెయ్యొచ్చట. మెలి తిరిగి ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకూడదట. తర్వాత ఒక్కో తీగనూ ఒక్కో మెట్టు మీద నొక్కి మీటాడు. ఎక్కడైనా జరజరమంటే మెట్టు అరిగిందనో, పైకి లేచిందనో అర్థం. బిరడాలు తిప్పి వదిలి, శ్రుతి జారుతుందా అని చూశాడు. చివరికి యాంపుకు తగిలించి, తీగల కింద ఉండే పికప్పులను చిన్న స్క్రూడ్రైవరుతో మెల్లగా తాకాడు. టక్కుమని వినబడితే ఆ పికప్పు బతికే ఉన్నట్టు. మూడూ బతికే ఉన్నాయి. 5,000కు బేరం కుదిరింది.

యాంపు 50 వాట్లది తీసుకోమని స్నేహితులు చెప్పారు. మామ 10 వాట్లది చాలన్నాడు. దాని వెనుక ఒక లెక్క ఉంది. పవరు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. మన చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే పవరు దాదాపు 10 రెట్లు కావాలి. అంటే 50 వాట్ల యాంపు 10 వాట్ల యాంపు కంటే ఐదు రెట్లు గట్టిగా మోగదు. ఇంట్లో సాధన చెయ్యడానికి 10 వాట్లు ఎక్కువే. వేదిక మీదైతే యాంపు ముందు ఒక మైకు పెడితే సరిపోతుంది. పాత యాంపు 2,500, కేబులు 400 అయ్యాయి.

ఇంటికొచ్చి అన్నీ తగిలించి స్విచ్చి వేయగానే గుయ్‌మని మొదలైంది. శ్రుతిపెట్టె లాగా ఆగకుండా ఒకటే మోత. వార్షికోత్సవానికి మూడు వారాలే ఉంది. యాంపు పోయింది, కొత్తది కొనాల్సిందే అని ఒక స్నేహితుడు అన్నాడు. ఇంకొకడు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే శబ్దం పోతుందనీ, చాలామంది అలాగే చేస్తారనీ చెప్పాడు.

పేపరు చదువుకుంటున్న తాతయ్య ఆ మాట విని లేచి వచ్చారు. "ఒరేయ్ అబ్బాయ్, ఎర్త్ పిన్ను తీస్తే శబ్దం పోతుందో లేదో గానీ మనిషి పోతాడు" అన్నారు.

ఎందుకో ఆయన కాగితం మీద గీసి చూపించారు. గిటారు తీగలు కేబులు గుండా యాంపు లోపలి ఇనప భాగానికీ, అక్కడి నుంచి ఎర్త్‌కూ కలిసి ఉంటాయి. యాంపు లోపల కరెంటు వైరు ఊడి ఇనుముకు తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు గిటారు తీగల మీదే ఉంటుంది. చెయ్యి తీగల మీద పెట్టి, మైకును తాకితే అది మన ఒంట్లోంచి పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటి కంటే పొడుగ్గా ఎందుకుంటుందో నాకు ఆ రోజే తెలిసింది. అది అన్నిటికంటే ముందు తగలాలి, అన్నిటికంటే చివర ఊడాలి.

తర్వాత ఆయన టెస్టు ల్యాంపు తెచ్చి గోడ సాకెట్టు చూశారు. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య బల్బు వెలిగింది. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వెలగలేదు. సాకెట్టుకు మూడు రంధ్రాలున్నాయి గానీ ఎర్త్ వైరు అసలు కలపలేదు. అమ్మ మూడేళ్ళుగా ఇస్త్రీపెట్టె పెడుతున్నది ఆ సాకెట్టులోనే. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మర్నాడే ఇంటి ఓనరుకు చెప్పి ఎలక్ట్రీషియనుతో ఎర్త్ పెట్టించారు. అది అయ్యేదాకా నన్ను యాంపు ముట్టుకోనివ్వలేదు.

శబ్దం మాత్రం అలాగే ఉంది. అప్పుడు తాతయ్య ఒక నోటుపుస్తకం ఇచ్చి, "ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తెలీదు" అన్నారు.

మొదట యాంపు వాల్యూము తగ్గించి కేబులు పీకి, మళ్ళీ పెంచాను. మోత లేదు. అంటే యాంపు మంచిదే. కొత్త యాంపు కొన్నా ఆ మోత అలాగే వచ్చేది.

రెండోసారి మామ కేబులు తెచ్చి పెట్టాను. మోత అలాగే ఉంది. కాబట్టి మా కేబులూ మంచిదే.

మూడోసారి గిటారు పట్టుకుని నిలుచున్నచోటే మెల్లగా తిరిగాను. ఒక వైపు మోత ఎక్కువ, ఒక వైపు తక్కువ. ట్యూబులైటు ఆపితే ఇంకాస్త తగ్గింది. దీనికి కారణం మన సైన్సు పుస్తకంలోనే ఉంది. పికప్పు అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. 1831లో ఫారడే కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. పైనున్న ఉక్కు తీగ కదిలితే చుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. కానీ ఆ చుట్ట తీగ కదలికతో పాటు ఇంట్లో కరెంటు కదలికను కూడా పట్టేస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపే మనకు గుయ్‌మని వినబడేది. ఈ బాధ తగ్గించడానికే గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు 1955లో రెండు చుట్టలున్న హంబకర్ పికప్పు తయారుచేశాడు. ఒక చుట్టలో పుట్టిన మోతను రెండోది కొట్టేస్తుంది, తీగ శబ్దం మాత్రం కలుస్తుంది. మా గిటారువి ఒంటి చుట్ట పికప్పులు. వాటికి కొంచెం మోత సహజం. కానీ మాకు వచ్చేది కొంచెం కాదు.

నాలుగోసారి తీగల మీద చెయ్యి పెట్టాను, తీశాను. మంచి గిటారులో తీగలను ముట్టుకుంటే మోత తగ్గాలి. మా గిటారులో ఏ తేడా రాలేదు. "దొరికింది" అన్నారు తాతయ్య. కేబులు తీసేసి గిటారు వెనక పలక విప్పితే, స్ప్రింగుల దగ్గర అతికి ఉండాల్సిన సన్నటి వైరు ఊడి వేలాడుతోంది. రిచీ స్ట్రీటులో 60 రూపాయల సోల్డరు కొన్నాం. తాతయ్య పాత సోల్డరింగ్ ఐరనుతో ఐదు నిమిషాల్లో అతికించారు. మోత ముప్పావు వంతు పోయింది.

మిగిలింది శ్రుతి పని. 450 రూపాయలకు కొత్త తీగలు వేశాం. 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఉండేలా పెట్టాడు మామ. తర్వాత 12వ మెట్టు మీద తీగను ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం, గట్టిగా నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటేనా అని చూశాడు. నొక్కినది పైస్థాయిలో ఉంటే వంతెన మీది చిన్న దిమ్మెను వెనక్కి, కింద ఉంటే ముందుకు జరపాలి. మనది సముద్రపు గాలి కాబట్టి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి.

వార్షికోత్సవం ముందు రోజు మామ వాయిస్తుంటే నేను హాల్లో చివరి వరసలో కూర్చుని విన్నాను. గెయిన్ తగ్గించాం, బాసు తగ్గించాం. ఒకటో తరగతిలో ఉన్నది ఆరుగురే పిల్లలు. తెలుగు పాటలోని ప్రతి మాటా వాళ్ళ అమ్మానాన్నలకు వినబడాలి. గిటారు వాళ్ళ గొంతుల కిందే ఉండాలి. మర్నాడు అలాగే ఉంది. మిగిలిన 590 రూపాయలు అమ్మకు తిరిగి ఇచ్చేశాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ వాయిద్యం మొరాయిస్తే ముందు పర్సు తీయకండి, నోటుపుస్తకం తీయండి. కరెంటు పని మాత్రం మీరు చేయకండి, తెలిసిన పెద్దవాళ్ళనే పిలవండి. యాంపు ఆపేసినా దాని మూత విప్పకండి, కొన్నిటి లోపల కరెంటు నిలవ ఉంటుంది. పెద్దలారా, మీ పిల్లలు గిటారు అడిగినా అడగకపోయినా సరే, మీ ఇంటి సాకెట్లలో ఎర్త్ ఉందో లేదో ఒక్కసారి ఎలక్ట్రీషియనుతో చూపించండి.