నీటికాకికి తెలిసిన కిటుకు

కమ్మర్‌పల్లి నుంచి వాయవ్యంగా వెళితే గోదావరి మీద శ్రీరాంసాగర్ జలాశయం వస్తుంది. పోచంపాడు దగ్గర ఈ ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. మీరు అక్కడికి వెళ్ళినప్పుడు గేట్లు చూడటం అయ్యాక, కాసేపు నీళ్ళకేసి కూడా చూడండి. నల్లటి నీటికాకి ఒకటి, పొట్ట నీటికి తగులుతుందేమో అనిపించేటంత కిందుగా ఎగిరిపోతూ ఉంటుంది. ఆకాశమంతా ఖాళీగా ఉండగా దానికీ అవస్థ దేనికి?

అవస్థ కాదు, అక్కడ ఎగరటమే సులువు! రెక్క గాలిని కిందికి తోస్తుంది. కింద నీరు అడ్డు ఉండటంతో ఆ గాలి పరుపులాగా పక్షిని మోస్తుంది. నమ్మకం కలగకపోతే, ఒక కాగితాన్ని (హోంవర్కు రాసినది కాదు సుమా!) నున్నటి గచ్చుకు దగ్గరగా, అడ్డంగా తోయండి. ఎంత దూరం జారిపోతుందో చూడండి.

ఈ కిటుకుతోనే సోవియట్ రష్యాలో రోస్తిస్లావ్ అలెక్సేయెవ్ అనే ఇంజనీరు యుద్ధానికి పనికివచ్చే వాహనాలు తయారుచేశాడు. వాటిని ఎక్రానోప్లాన్లు అంటారు. 1966లో కాస్పియన్ సముద్రం మీద ఎగిరిన దాని పొడవు 92 మీటర్లు, ఇంజన్లు 10, బరువు 500 టన్నుల పైచిలుకు! ఉపగ్రహం తీసిన ఫోటోలో దాన్ని చూసి అమెరికావారు హడలిపోయి, "కాస్పియన్ భూతం" అని పేరు పెట్టారు. భూమి గుండ్రంగా ఉంది గనక, నీటిని అంటుకుని వచ్చేదాన్ని దూరాన ఉన్న రాడార్ పసికట్టలేదు. పైగా అది గంటకు 400 కిలోమీటర్లు దాటిపోతుంది.

తరవాత "ఓర్ల్యోనొక్" వచ్చింది. అంటే గద్దపిల్ల. 1970ల మధ్యలో దాన్ని పరీక్షిస్తూండగా తోక విరిగి సముద్రంలో పడిపోయింది! అలెక్సేయెవ్ లోపలే ఉన్నాడు. ఆయన తానే నడపటానికి కూర్చుని, ముక్కులో ఉన్న ఇంజన్లను పూర్తి వేగంతో తిప్పి, తోక లేని గద్దపిల్లను నీటి మీద జారించుకుంటూ ఒడ్డుకు చేర్చాడు. ఇంతా చేస్తే ఆయనకు దక్కినదేమిటి? ఉన్న పదవి ఊడింది!

1980లో ఆయన చనిపోయాడు. ఆ ఏడే కాస్పియన్ భూతం కూడా కూలి నీట మునిగింది. ఈ వాహనాలకు పెద్ద అలలంటే గండమే. పక్కకు వంగి మలుపు తిరగబోతే రెక్క నీటికి తగులుతుంది. పొరపాటు జరిగితే దిద్దుకోవటానికి వ్యవధి ఉండదు. అందుకే అవి ఎక్కువ తయారు కాలేదు.

రష్యా దాకా వెళ్ళలేకపోయినా, విశాఖపట్నం వెళ్ళగలరు గదా! అక్కడ సముద్రపుటొడ్డున మన నౌకాదళం వాడిన టీయూ-142 విమానాన్ని 2017 నుంచి ప్రదర్శనకు ఉంచారు. దానికున్న నాలుగు ఇంజన్లు ఏ జాతివో, గద్దపిల్ల తోక మీది ఇంజనూ ఆ జాతిదే. ఒక్కొక్క ఇంజనుకు రెండేసి పంకాలు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. పంకాల రెక్కలు మొత్తం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రండి.