క్యారేజీలో మిగిలిన అన్నం



లంచ్ అయ్యాక సగం అన్నంతోనే మూసేసిన బాక్సులు చూస్తే నాకు నా చిన్నప్పటి బడి గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో నేను చదివిన సర్కారు బడికి మధ్యాహ్న భోజనం 'నాంది' వంటశాల నుంచి వ్యాన్‌లో వచ్చేది. ఇంట్లో ఏమీ వండని రోజున కూడా నేను ఆకలితో పాఠం వినలేదు.

ఆ నాంది ఫౌండేషన్ స్థాపకుల్లో డాక్టర్ కె. అంజిరెడ్డి గారు ఒకరని, 2013 మార్చిలో ఆయన కన్నుమూసినప్పుడు పేపర్లో చదివి తెలుసుకున్నాను. తాడేపల్లిలో పసుపు రైతు బిడ్డ. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. నాకు మాత్రం కంపెనీ అధినేత కంటే ముందు అన్నం పెట్టిన మనిషి.

ఈ సంగతి స్టాఫ్‌రూంలో కూడా ఎప్పుడూ చెప్పలేదు. మొన్న క్లాసులో చెప్పాను. మర్నాడు ఒక పాప ఖాళీ బాక్సు చూపించి, "మేడమ్, ఒక్క మెతుకు కూడా వదల్లేదు" అంది.

మీ పిల్లలకూ ఆయన గురించి చెప్పండి.